గుండుసూదులు తీసిన వారం

మా బడి కాగితాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాలని ట్రస్టు వాళ్ళు తీర్మానం చేసినప్పుడు అందరికంటే ఎక్కువ సంతోషించింది నేనే. రాయచూరులో పాత ఆడపిల్లల బడి అది. ఆఫీసుకంతా గుమాస్తాను నేనొక్కదాన్నే. పద్దెనిమిదేళ్ళు ఆ రికార్డు గదిలో తుమ్ముతూ బతికాను. కిటికీ తెరిస్తే పక్క జిన్నింగు మిల్లు దూది లోపలికొచ్చేది, మూస్తే చెదల వాసన. పాత విద్యార్థిని ఎవరైనా వచ్చి సర్టిఫికెట్ కావాలంటే చాలు, నాకు ఒళ్ళు మండేది. నిచ్చెన ఎక్కాలి, బండెడు బరువున్న రిజిస్టరు దింపాలి, దుమ్ము దులపాలి. తీరా చూస్తే ఆ పేజీనే చెదలు తిని ఉండేవి. వచ్చినవాళ్ళ మీద విసుక్కునేదాన్ని. పాపం, చెదలకూ వాళ్ళకూ ఏం సంబంధం? అయినా విసుక్కునేదాన్ని.

నాకు ముక్కు మీద కోపం. ఇంట్లో వాళ్ళు చెప్పేదీ అదే, బడిలో వాళ్ళు చెప్పేదీ అదే. కాదని వాదించబోతే అందులోనూ కోపమే వినపడుతుంది కాబట్టి ఊరుకుంటాను.

పని ఎలా చేయాలో రాసి ఇమ్మని హెడ్ మేడం నాకే అప్పగించారు. ఆమెది ధారవాడ వైపు, కన్నడంలోనే మాట్లాడేవారు, మితభాషి. "ఈ కాగితాల సంగతి నీకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు" అన్నారు. ఆ ఒక్క మాటకు నేను ఉబ్బితబ్బిబ్బయ్యాను. నాలుగు ఠావుల ప్రణాళిక రాశాను. ముందు ఎన్ని రిజిస్టర్లున్నాయో జాబితా. తర్వాత ఏది ముందు, ఏది వెనక. అందరూ అడిగేది అడ్మిషన్ రిజిస్టర్లే కాబట్టి అవి ముందు. ఆ తర్వాత పేజీలకు నంబర్లు. ఆపైన స్కానింగ్ ఏ వేళల్లో జరగాలో ఒక పట్టిక. ఆ పట్టిక వేయడానికే రెండు రోజులు పట్టింది. ఊరికి దగ్గర్లోనే కృష్ణ ఒడ్డున అంత పెద్ద విద్యుత్ కేంద్రం, రాష్ట్రానికంతా కరెంటు పంపుతుంది. మా వీధిలో మాత్రం పొద్దున రెండు గంటలు కోత, మధ్యాహ్నం రెండు గంటలు కోత. మిషను నడిచేది ఆ మధ్య సందుల్లోనే.

స్కానింగ్ పని పట్టుకున్నాయన సింధనూరు నుంచి వచ్చాడు. వాళ్ళ తాతలు కోస్తా నుంచి కాలువ కిందికి వచ్చి వరి పెట్టుకున్నవాళ్ళు, ఆ మాట తీరు ఇంకా అలాగే ఉంది. రిజిస్టర్లు తిరగేసి చూసి ఆయన తల పట్టుకున్నాడు.

"మేడం గారూ, ఇదేంటండీ, పేజీకి పది గుండుసూదులు ఉన్నాయి! ఒక్క సూది గీసుకున్నా నా మిషను అద్దం పోద్దండీ. ఇవన్నీ తీసేసి, ఈ చీటీలూ గీటీలూ లేకుండా శుభ్రంగా ఇచ్చేయండి. మిగతాది నేను చూసుకుంటాను."

"అదెంత పని, వారం దినాల్ల తీసిస్త" అన్నాను. నా ప్రణాళికలో ఒక వాక్యం కలిపాను: స్కానింగ్‌కు ముందు సూదులు, చీటీలు తొలగించవలెను. కింద ఎర్ర సిరాతో గీత కూడా కొట్టాను.

ఆ చీటీల సంగతి చెప్పాలి. మా వైపు బళ్ళల్లో ఒకప్పుడు పిల్లలందరూ జూన్ ఒకటో తారీఖునే పుట్టేవాళ్ళు. నవ్వొస్తుంది కానీ నిజం. ఊళ్ళ నుంచి పిల్లను పట్టుకొచ్చిన తల్లిదండ్రులకు తేదీ తెలియదు. జొన్న కోతలప్పుడు పుట్టిందనో, ఉరుసు తెల్లారి పుట్టిందనో చెప్పేవాళ్ళు. బడి తెరిచే నాటికి వయసు సరిపోవాలి కదా, పెద్దసారు లెక్క చూసి జూన్ ఒకటి అని రాయించేవాడు. పేజీ అంతా పైనుంచి కిందికి జూన్ ఒకటే. తర్వాత ఏ తండ్రో, మేనమామో అసలు తేదీ ఉన్న కాగితం పట్టుకొస్తే దిద్దాలి. కానీ అడ్మిషన్ రిజిస్టరులో కొట్టివేత ఉంటే తనిఖీకి వచ్చిన దొరలు ఊరుకోరు. అందుకని మా పాత గుమాస్తా సారు చిన్న చీటీ మీద అసలు తేదీ రాసి, పెద్దసారు చేత సంతకం చేయించి, ముద్ర వేసి, ఆ పిల్ల వరుస పక్కనే గుండుసూదితో గుచ్చిపెట్టేవాడు. రిజిస్టరు రిజిస్టరులా ఉండేది, దిద్దుబాటు దిద్దుబాటులా ఉండేది.

ఇదంతా నాకు తెలుసు. తెలిసే తీయించాను. అదీ నా తెలివి.

నేనూ, మా బడి ఆయమ్మా వరండాలో చాప పరుచుకుని కూర్చున్నాం. ఆయమ్మ నాకంటే పదేళ్ళు పెద్దది, బడిలో గంట కొట్టేదీ ఆమే, నన్ను ఆటపట్టించేదీ ఆమే. సూదులు తుప్పు పట్టి కాగితాన్ని వదిలేవి కావు. ఒక్కొక్కటి గోళ్ళతో పీకాలి. రెండో రోజుకు ఇద్దరి వేళ్ళూ ఎర్రగా కందిపోయాయి.

"అమ్మా, ఈ చీటీలు ఏడ వెట్టాలె? ఏది ఏ పేజీదో రాసుకుంటవా జర?" అని అడిగింది ఆయమ్మ.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "రాసుకుంట కూసుంటె ఈ పని దసరాకైనా అయితదా? డబ్బాల వెయ్యి. తర్వాత చూద్దాం."

"నువ్వు సదువుకున్నదానివి, నీ ఇష్టం తల్లీ" అని ఆమె చీటీలన్నీ ఖాళీ బిస్కెట్ల డబ్బాలో వేసింది. నాలుగు రోజుల్లో డబ్బా నిండింది. పేజీలన్నీ ఇస్త్రీ చేసినట్టు చదునుగా అయ్యాయి. హెడ్ మేడం వచ్చి చూసి "భేష్" అన్నారు. నేను సంబరంగా మిర్చి బజ్జీలు, బొరుగులు తెప్పించి ఆయమ్మకు పెట్టి నేనూ తిన్నాను. నా జన్మలో అంత తృప్తిగా తిన్న బజ్జీలు లేవు.

ఆ తెల్లారి బుధవారం. పదకొండు గంటలప్పుడు ఒకామె గడపలో నిలబడింది. నూనె పెట్టి దువ్విన జడ, చేతిలో ప్లాస్టిక్ కవరు, కవరులో మడత నలగని కాగితాలు.

"నమస్తె మేడం. మట్మారి నుంచి వచ్చిన. ఈ బడిలనే ఏడో తరగతి దాక సదివిన. పుట్టిన తేదీ సర్టిఫికెట్ గావాలె."

కూర్చోమన్నాను. విషయం చెప్పింది. వాళ్ళ ఊరి అంగన్‌వాడీలో సహాయకురాలు మానేసినప్పటి నుంచీ మూడేళ్ళుగా ఈమే పని చేస్తోంది. పిల్లలను ఇళ్ళ నుంచి తీసుకురావడం, వండిపెట్టడం, మూతులు కడగడం అంతా ఈమే. కానీ చేతిలో ఆర్డరు లేదు. ఇప్పుడు ఆ పోస్టుకు దరఖాస్తులు పిలిచారు. శనివారం ఆఖరు. ఆ రోజుకు ముప్పై ఐదేళ్ళు నిండి ఉండకూడదు.

"ఈసారి తప్పితె నాకు ఇంక లేదు మేడం. వేరే ఆమె వస్తది. నేను ఇంట్ల కూసోవాలె."

రిజిస్టరు చదునుగా, చక్కగా చేతికి అందేలా ఉంది. చూశాను. ఆమె వరుసలో జూన్ ఒకటి. లెక్క వేస్తే ముప్పై ఐదు నిండి ఆరు నెలలు దాటింది.

"నీకు దాటిపోయింది గదమ్మా" అన్నాను.

"అది ఉత్త తేదీ మేడం. మా నాయన సరి జేపిచ్చిండంట." ఆమె కవరు ఒళ్ళో పెట్టుకుని చెప్పుకుపోయింది. "అప్పుడు కరెంటు ఫ్యాక్టరీ కడుతుండ్రి గద, నాయన ఆడ సిమెంటు పనికి పోతుండె. మేము ఈడ అరుగు గదిల కిరాయికి ఉంటుంటిమి. నేను ఇంట్లనే పుట్టిన. నర్సమ్మ టీకాల కార్డు మీద తేదీ రాసిచ్చిందంట. ఒక దినం నాయన పనికి నాగ వెట్టి, ఆ కార్డు పట్టుకొని బడికి పోయి వస్త అన్నడంట. రాత్రికి తాగొచ్చి, 'పనైపోయింది' అన్నడంట. అమ్మ నమ్మింది. మా అన్న నమ్మడు. 'ఆ మనిషి బడికా పొయ్యేది? కల్లు దుకాణానికి పోయి ఉంటడు' అంటడు ఇప్పటికి గూడ. ఆ కార్డు మా మిద్దె కూలినప్పుడు పోయింది. నాయన గూడ లేడు. ఆయన వచ్చిండో రాలేదో ఈ పుస్తకంల చూడాలె."

"అసలు తేదీ ఏంది?"

"అమ్మ ఒకసారి శివరాత్రి ముందర అంటది, ఒకసారి దసరా వెనక అంటది. నాకు తెల్వదు మేడం."

నేను రిజిస్టరు వైపు చూశాను. ఆమె వరుస పక్కన ఏమీ లేదు. ఏముంటుంది? అన్నీ నేనే పీకించాను కదా. లేచి డబ్బా తెచ్చి మూత తీశాను. పైన ఉన్న చీటీ తీసి, కన్నడంలో రాసి ఉన్నది చదివాను. మొదటి వాక్యం దాటేసి, అసలు సంగతి ఉన్న చోట ఆగాను: సదరి విద్యార్థిని జన్మదినాంకం ఈ ప్రకారం సరిచేయడమైనది. ఇంకొకటి తీశాను. సదరి విద్యార్థిని. ఇంకొకటి. సదరి విద్యార్థిని. సదరి అంటే ఆ చెప్పిన పిల్ల అని. ఏ పిల్లో చెప్పడానికి ఒక్క చీటీ మీదా పేరు లేదు, అడ్మిషన్ నంబరు లేదు. ఎవరి వరుస పక్కన గుచ్చి ఉంటే వాళ్ళే ఆ సదరి. సూది తీసేస్తే ఇంకెవరూ కాదు.

డబ్బా నిండా వందల చీటీలు. ఒక్కదానికీ దిక్కు లేదు.

అప్పుడు నేనొక పాడు పని చేశాను. తప్పు నాదని చెప్పడానికి నోరు రాలేదు. "మీ నాయన ఇచ్చినట్టు లేదమ్మా. ఇచ్చి ఉంటె ఈడనే ఉండాలె గద" అన్నాను.

ఆమె వాదించలేదు. ఏడవలేదు. కాగితాలు కవరులో సర్దుకుంటూ, "నేను గూడ లోపల్లోపల అట్లనే అనుకుంటుంటి మేడం. అన్న చెప్పిందే నిజమేమో" అంది.

ఎవరో చెంప మీద కొట్టినట్టయింది నాకు. ఒక ఆడకూతురు పోస్టు పోతోందంటే అది ఒకటి. చచ్చిపోయిన మనిషిని నేను అబద్ధాలకోరును చేశాను. నా వెధవ డబ్బా కోసం!

"ఆగు, పాత కాగితాలు ఇంకా చూసేటివి ఉన్నయి. శుక్రవారం రా" అన్నాను. గొంతు మామూలు కంటే గట్టిగా వచ్చింది. ఆమె నేను కోప్పడ్డాననుకుని బెదిరి, నమస్కారం పెట్టి బస్టాండుకు వెళ్ళిపోయింది.

మధ్యాహ్నమంతా డబ్బా బోర్లించి కూర్చున్నాను. ఆమెతో చేరిన పిల్లల వయసుకు సరిపోయే సంవత్సరాలు ఉన్న చీటీలు ఏరితే నాలుగు మిగిలాయి. ఒకటి ఆగస్టు, ఒకటి అక్టోబరు, ఒకటి జనవరి, ఒకటి ఫిబ్రవరి. మొదటి రెండింటిలో ఏదైనా ఆమెదైతే ముప్పై ఐదు నిండిపోయినట్టే. చివరి రెండింటిలో ఏదైనా ఆమెదైతే గట్టెక్కినట్టే. అసలు ఈ నాలుగింటిలో ఏదీ ఆమెది కాకపోవచ్చు కూడా.

హెడ్ మేడం దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఫిబ్రవరి చీటీ బల్ల మీద పెట్టి, "ఇది ఆమెదే అనుకుని రాసిచ్చేద్దాం మేడం" అన్నాను.

"మరి ఇది నిజంగా ఎవరిదో, ఆ అమ్మాయి రేపు వస్తే ఏం చెప్తావు?" అన్నారామె. గొంతు పెంచలేదు. "ఇది ఆమెదేనని నాకు చూపించు. అప్పుడు సంతకం పెడతాను. లేకపోతే పెట్టను."

కోపం వచ్చింది. కానీ ఆమె అన్నదాంట్లో తప్పు ఎక్కడుందో వెతికితే దొరకలేదు. బయటికి వస్తే ఆయమ్మ గంట కర్ర పట్టుకుని నిలబడి ఉంది. "నేను ఆ దినమే అడిగితి గదమ్మా" అంది.

గురువారం పొద్దున్నే బడికి వెళ్ళకుండా కోట వెనక వీధిలో ఉన్న పాత గుమాస్తా సారు ఇంటికి వెళ్ళాను. ఆయన రిటైరై చాలా కాలమైంది. ఒక కన్ను కనపడదు, చెవులు మాత్రం పాము చెవులు. నా చెప్పుల చప్పుడుకే "ఎవరదీ, బడి నుంచేనా?" అన్నాడు. విషయం చెప్పుకున్నాను. విని ఆయన ముందు నవ్వాడు, తర్వాత మండిపడ్డాడు.

"సూదులు తీస్తివా? నా సూదులు?"

"తీసిన సార్. మీరు చీటీ మీద పేరన్న రాసి ఉంటె ఈ పరేషాని లేకుండె."

"పేరెందుకు రాయాలె? సూది ఉండంగ పేరెందుకు? ముప్పై ఏండ్లు చేసిన ఆ పని. ఒక్క చీటీ తారుమారైందని ఎవరన్న అన్నరా?" ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు. "ఇను. నేను సూదిని ఎట్ల వడితె అట్ల గుచ్చలే. నాకొక కాయిదా ఉండె, ఒక పద్ధతి. సూది మొన చీటీ అంచు దాటి పేజీ మీదికి రావాలె. మొన ఆ పిల్ల పేరు దిక్కు చూడాలె. తలకాయ బయటి దిక్కు. ఎప్పుడు చూసినా గంతే."

"ఇప్పుడు సూదే లేదు గద సార్, మొన ఏడ చూడాలె?"

"సూది పోతె దాని తుప్పు పోతదా? పో, పోయి చూడు. నా పానం తినకు."

కాఫీ కూడా తాగకుండా ఆటో ఎక్కాను. బడికి చేరేసరికి కరెంటు లేదు. రికార్డు గదిలో చీకటి. రిజిస్టరు ఎత్తుకుని వరండాలోకి వచ్చాను. ఎండ ఏటవాలుగా పడుతున్న చోట చాప మీద పెట్టి తెరిచాను.

అన్ని రోజులు చూసిన పేజీయే అది. అంత శుభ్రంగా ఉందని నేను మురిసిపోయిన పేజీ. ఎండలో పెడితే తెలిసింది. అంచున అక్కడక్కడా జంట రంధ్రాలు. ఒక్కో జంట ముందు సన్నని గోధుమరంగు గీత, పేరు వైపు చూస్తూ. పేజీలో ఏడు వరుసల్లో అలా ఉన్నాయి. వేలు కిందికి జరుపుతూ వచ్చాను. మట్మారి ఆమె వరుస దగ్గర వేలు ఆగింది. రెండు రంధ్రాలు. తుప్పు గీత ఆమె పేరు మొదటి అక్షరం వైపు సూటిగా.

"ఆయమ్మా!" అని నేను పెట్టిన కేకకు మూడో తరగతి పిల్లలు కిటికీల్లోంచి తొంగి చూశారు.

చీటీ ఉంది. ఆమెకు ఒక చీటీ ఉండేది. అయితే ఏ చీటీ? నాలుగూ తెచ్చాను. సారు చెప్పినట్టు మొన చీటీ అంచు దాటి పేజీ మీదికి వచ్చి ఉంటే, దాని తుప్పు సగం చీటీ మీద, సగం పేజీ మీద పడి ఉండాలి. చీటీ సరిగ్గా దాని చోట పెడితే రంధ్రాల మీద రంధ్రాలు కూర్చోవాలి, రెండు సగాలూ కలిసి ఒకటే గీత కావాలి. నేను ఒక చీటీ పెట్టబోయాను. ఆయమ్మ చీటీలు నా చేతుల్లోంచి లాక్కుంది.

"నువ్వు జరుగు. నలబై ఏండ్ల నుంచి సూది చేతుల పట్టిన. రైకలకు కాజాలు కుట్టినదాన్ని."

ముందు ఆగస్టు చీటీ పెట్టింది. రంధ్రాలు ఎడంగా ఉన్నాయి. కాదు. హమ్మయ్య అనుకున్నాను. తర్వాత జనవరి. అదీ కాదు, రంధ్రాలు మరీ దగ్గర. ఇక మిగిలినవి రెండు, ఒకటి ముంచేది, ఒకటి తేల్చేది. అక్టోబరు చీటీ పెట్టింది ఆయమ్మ. రంధ్రాలు రెండూ సరిపోయాయి.

నేను గోడకు చేరగిలబడ్డాను. అంతా అయిపోయింది అనుకున్నాను.

"ఆగమ్మా, ఆగం గాకు" అంది ఆయమ్మ. ఇంకా వంగి చూస్తోంది. "రంధ్రాలు కలిసినయి గానీ గీత కలుస్తలేదు. చీటీ మీద గీత మీదికి పోతుంది, పేజీ మీద గీత కిందికుంది. ఇది ఈమెది గాదు."

ఫిబ్రవరి చీటీ తీసి పెట్టింది. కొద్దిగా కుడికి జరిపింది. కొత్త గుండుసూది తీసి పాత రంధ్రంలో మొన పెట్టింది. సూది దారి తెలిసినట్టు లోపలికి పోయి, రెండో రంధ్రంలోంచి పైకి వచ్చి, మొన తుప్పు గీత మీద పడుకుంది. చీటీ మీద సగం, పేజీ మీద సగం. ఒకటే గీత.

"బిల్కుల్ ఇదే" అంది ఆయమ్మ. నేను ఆమెను కావలించుకుని ఏడ్చేశాను. "ఓ యమ్మ, విడువు, పిల్లలు చూస్తున్నరు" అని ఆమె నవ్వింది.

హెడ్ మేడం వచ్చారు. కళ్ళద్దాలు తుడుచుకుని నాలుగు చీటీలూ తన చేత్తో ఒక్కొక్కటిగా పెట్టి చూశారు. పక్క వరుసల రంధ్రాల మీదా పెట్టి చూశారు. అక్టోబరు చీటీ మూడు వరుసల కింద ఇంకో పిల్ల దగ్గర గీతతో సహా అతుక్కుంది. ఆగస్టూ జనవరీ కూడా తమ తమ ఇళ్ళు చూసుకున్నాయి. అప్పుడు ఆమె "సర్టిఫికెట్ రాసుకురా" అన్నారు. నేను రాసిన సర్టిఫికెట్లలోకెల్లా అందమైన దస్తూరి ఆ రోజుదే.

తర్వాత నా నాలుగు ఠావుల ప్రణాళిక నేనే చింపి మళ్ళీ రాశాను. డబ్బాలో ప్రతి చీటీ మళ్ళీ దాని వరుసకు చేరాలి. సూదితో ఉన్న పేజీని ముందు ఒకసారి ఫోటో తీయాలి, ఆ తర్వాతే చీటీకి వరుస నంబరు రాసి సూది తీయాలి. సింధనూరు ఆయనకు ఫోన్ చేసి చెబితే, "సరేలెండి, పైన కెమెరా బిగించి తీసేద్దాం, అద్దం గొడవే ఉండదు. ఈ మాట మొదట్లోనే అనుకుంటే పోయేది కదండీ" అన్నాడు. పోయేది. ఏం చేస్తాం? నేనూ ఆయమ్మా కలిసి చీటీలన్నీ తిరిగి గుచ్చడానికి ఉగాది దాటింది. ఒక్కటి కూడా మిగల్లేదని చెప్పగలిగితే బాగుండేది, పదో పన్నెండో మిగిలాయి. వాటిని ఇప్పటికీ విడిగా కవరులో పెట్టి ఉంచాం, ఎవరైనా వస్తే చూడ్డానికి.

మట్మారి ఆమె దరఖాస్తు శనివారం తీసుకున్నారు. పోస్టు ఆమెకే వచ్చిందని ఆర్డరు పట్టుకుని తానే వచ్చి చూపించింది, పేడాలు కూడా పెట్టింది. అది తర్వాతి సంగతి. నాకు మాత్రం శుక్రవారమే గుర్తుంది.

ఆ రోజు ఆమె పదింటికల్లా వచ్చింది. లోపలికి రాకుండా గడప బయటే నిలబడింది, మొన్నటి నా గొంతు గుర్తున్నట్టుంది. నేనే లేచి వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టాను. సర్టిఫికెట్ ఇచ్చే ముందు చెప్పాల్సింది చెప్పేశాను. "చెల్లె, మొన్న నేను నీకు అబద్ధం చెప్పిన. చీటీ ఉండె. నేనే తెలివిలేక సూదులు పీకించి కలగాపులగం చేసిన. మీ నాయనది తప్పు లేదు. తప్పు నాది."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. "అయితె నా వయసు?"

"ముప్పై నాలుగే. ఇంకా రెండు నెలలు ఉన్నయి నీకు."

ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుంది. కాసేపయ్యాక కొంగుతో కళ్ళు తుడుచుకుని, "ఆ చీటీ చూడొచ్చా అక్కా?" అంది. మేడం అనడం మానేసి అక్కా అంది. రిజిస్టరు తిప్పి ఆమె ముందు పెట్టాను. కన్నడంలో ఉన్న ఆ నాలుగు వరుసలను వేలు పెట్టి, ఏడో తరగతి చదువుతో కూడబలుక్కుంటూ చదివింది. నేను ఎన్ని చీటీలు చూసినా తేదీ కోసమే చూశాను, మొదటి వాక్యాన్ని ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆమె అక్కడే ఆగిపోయింది. విద్యార్థిని తండ్రి ఖుద్దుగా హాజరై టీకాల కార్డు చూపినందున.

"ఖుద్దుగా అంటె... ఆయనే వచ్చిండన్నట్టు గదా?"

"ఆయనే వచ్చిండు. ఇదే ఆఫీసుకు."

ఆమె ఆ మాట మీద వేలు అలాగే పెట్టి ఉంచి, రెండో చేత్తో కవరులోంచి ఫోన్ తీసి ఒక నంబరు నొక్కింది. అవతల ఎవరో ఎత్తారు.

"అన్నా, నేను. సర్టిఫికెట్ దొరికింది. అది గాదన్నా, ఇను... ఆ దినం నాయన బడికే పోయిండు."